వించ్ సింథటిక్ తాడుకు కన్ను వేయడం, డ్రమ్ముకు ఎక్కించడం: మొదటి నుంచి చివరిదాకా

మూడేళ్ల కిందట ఆగస్టు వానల్లో, వికారాబాద్ అవతల ఎర్రమట్టి గుంటలో మా బావ జిప్సీ చాసిస్ ఆనేదాకా దిగబడింది. లాగుతుంటే నా థార్ వించ్ (బండి ముందు బిగించే, మోటారుతో తాడును డ్రమ్ముకు చుట్టుకుంటూ లాగే యంత్రం) తాడు బండ అంచుకు రాసుకుని తెగింది. అక్కడ మేం ఆరుగురం ఉన్నాం. తాడు అతకడం ఒక్కరికీ రాదు. "ముడేసెయ్ రా, ఏం కాదు" అన్నాడు బావ. వేశాం. బరువు పడగానే ముడి జారింది. టప్పున కాదు, నూనె రాసినట్టు మెల్లగా, కళ్లముందే విడిపోయింది. రెండోసారి మూడు ముళ్లు మీదమీద బిగించాం. ఈసారి జారలేదు, ముడి పక్కనే తెగింది. చీకటి పడ్డాక పక్క పొలం నుంచి ట్రాక్టరు వచ్చి మా ఇద్దరి బళ్లనూ బయటికి లాగింది.

ఆ తర్వాత విశాఖ ఫిషింగ్ హార్బర్‌కి ఏదో పని మీద వెళ్లినప్పుడు, మరపడవ మీద కూర్చుని మోకు అతుకుతున్న ఒక పెద్దాయనతో ఈ గొడవంతా చెప్పుకున్నాను. ఆయన చెయ్యి ఆపకుండానే, "ముడేస్తే తాడు సగమైపోద్ది బాబూ. తాడుని తాడే పట్టుకోవాల" అన్నాడు. ఆయన చేతిలో ఉన్నది మూడు పేటల నైలాన్ తాడు, నాది పన్నెండు పేటల జడ తాడు. అతికే పద్ధతి పూర్తిగా వేరు. కానీ ఆయన అన్నమాట రెంటికీ సరిపోతుంది. హుక్కు దగ్గరైనా, డ్రమ్ము దగ్గరైనా ఈ తాడును పట్టి ఉంచేది ముడీ కాదు, బోల్టూ కాదు, ఒరిపిడి. దానికి కావలసింది పొడవు. ఈ పని మొత్తం ఆ పొడవు చుట్టూ తిరుగుతుంది.

ముందు తాడు సంగతి

మంచి వించ్ తాడు అతి బరువైన పాలిథిలీన్ అణువులతో తీసిన పీచుతో అల్లుతారు. డైనీమా, స్పెక్ట్రా అని వినే పేర్లు ఈ పీచువే. పన్నెండు పేటలను గొట్టంలా అల్లుతారు కాబట్టి తాడు లోపల బోలుగా ఉంటుంది. రెండు చేతులతో పట్టుకుని ఎదురెదురుగా నెడితే పొట్ట ఉబ్బుతుంది, లాగితే సన్నబడుతుంది. మన అతుకుకి ఆధారం ఇదే. తాడు కొసను అదే తాడు పొట్టలోకి దూర్చి లాగితే, పై అల్లిక సన్నబడుతూ లోపలి కొసను పిండేస్తుంది. ఎంత లాగితే అంత పిండుతుంది.

పదార్థానికి మూడు లోపాలున్నాయి. ఒకటి, మహా జారుడు. అందుకే ముళ్లు నిలవవు, నిలిచినా బలం సగానికో ఇంకా కిందికో పడిపోతుంది. రెండు, వేడి. సుమారు 145 డిగ్రీల దగ్గర కరుగుతుంది, 70 డిగ్రీలు దాటితేనే నీరసపడటం మొదలవుతుంది. మూడు, అంచులు. తిన్నగా లాగితే ఉక్కును మించిన తాడు, పదునైన రాయి మీద రాసుకుంటే కూరగాయలా తెగుతుంది.

మరి ఉక్కు కేబుల్ వదిలి దీనికి ఎందుకు మారాలి? బరువు చూడండి. 10 మి.మీ. మందం, 30 మీటర్ల ఉక్కు కేబుల్ 11 కిలోల దాకా తూగుతుంది. ఇది రెండు కిలోలు కూడా ఉండదు. తెగితే కేబుల్‌లా కొరడా ఝళిపించదు. చేతులకు ముళ్లు గుచ్చుకోవు. అయితే తాడు తెగినా ప్రమాదం లేదనుకోవద్దు. తాడు చివరున్న హుక్కు, షాకిల్ (పిన్ను బిగించే ఇనుప కొక్కెం) ఇనుమే కదా, అవి ఎగిరివస్తాయి. లాగేటప్పుడు తాడు మీద తడి గోనెసంచో, పాత దుప్పటో వేయడం మానకండి.

ఏ సైజు, ఏ సామాను

మన దగ్గర థార్, జిప్సీ, జిమ్నీ, గూర్ఖా లాంటి బళ్లకు ఎక్కువగా బిగించేది 9,500 పౌండ్ల వించ్, అంటే సుమారు 4.3 టన్నులు. దానికి 10 మి.మీ. తాడు సరిపోతుంది. పేరున్న రకం అయితే 8 టన్నుల చుట్టుపక్కల గానీ తెగదు. వించ్ లాగుడుకు దాదాపు రెట్టింపు బలం ఉండాలన్నది లెక్క. ఈ వ్యాసంలో కొలతలన్నీ 10 మి.మీ. తాడుకు ఇస్తున్నాను.

"సింథటిక్ రోప్" పేరుతో నైలాన్, పాలిప్రొపిలీన్ తాళ్లు కూడా అంటగడుతుంటారు. చిన్న ముక్కను బకెట్ నీళ్లలో వేయండి. నైలాన్, పాలియెస్టర్ మునుగుతాయి, మనకు కావలసింది తేలుతుంది. పాలిప్రొపిలీన్ కూడా తేలుతుంది కాబట్టి ఈ పరీక్ష సగమే. రెండో సగం వేళ్లతో: అసలుది కొవ్వొత్తి ముట్టుకున్నట్టు నున్నగా, మెత్తగా ఉంటుంది. పాలిప్రొపిలీన్ గరుకుగా, చేంతాడు వాటంగా తగులుతుంది.

సామానుకు పెద్ద ఖర్చు లేదు. తాడుకు తగిన బోలు సూది, దాన్ని ఫిడ్ అంటారు. అది దొరక్కపోతే కరెంటు పని తీగ ఒక మీటరు తీసుకుని మధ్యకు మడవండి, అదే ఫిడ్. కొత్త బ్లేడు వేసిన కటర్, ఎలక్ట్రికల్ టేపు, మార్కర్ పెన్ను, టేపు కొలత, బస్తాలు కుట్టే దబ్బనం. థింబుల్, అంటే కన్ను లోపల కూర్చునే ఇనుప గాడి. డ్రమ్ము చివరకు రాగి లగ్, అంటే తాడు కొసకు నొక్కి, డ్రమ్ముకు బోల్టుతో బిగించే చిన్న గొట్టం. హైదరాబాద్‌లో లగ్‌కు ట్రూప్ బజార్, థింబుల్‌కు రాణిగంజ్ వెళ్తే ఒక పూటలో పని అయిపోతుంది. విజయవాడ వాళ్లకు ఆటోనగర్ ఉండనే ఉంది.

ఇంకా బండికి వించ్ పెట్టనివారికి ఒక మాట. 2017 డిసెంబర్‌లో కేంద్ర రవాణా శాఖ బుల్ బార్లు, క్రాష్ గార్డుల మీద చర్య తీసుకోమని రాష్ట్రాలకు రాసింది. వించ్ కోసం బంపర్ మార్చేముందు మీ ఆర్టీవో దగ్గర అడిగి కనుక్కోండి.

ఉక్కు కేబుల్ దిగిన చోట

పాత కేబుల్ తీసేసి, కొత్త తాడు తిన్నగా చుట్టేస్తే ఆరు నెలల్లో తాడు నాశనం. కేబుల్ తిరిగిన డ్రమ్ము మీద, ముందున్న రోలర్ల మీద కంటికి కనిపించని గీరలు, పొక్కులు ఉంటాయి. వాటిని పట్టుకోవడానికి దూది చాలు. ఉండ తీసుకుని డ్రమ్ము ఒంటి మీద, అంచుల మీద, తాడు తగిలే ప్రతిచోటా రుద్దండి. దూది పోగు ఎక్కడ చిక్కుకుంటే అక్కడ తాడు పోగు కూడా చిక్కుకుంటుంది. అలాంటి చోట్లు సన్న ఆకురాయితో, తర్వాత ఎమరీ పేపరుతో నున్న చేసి మళ్లీ దూది రుద్దండి.

తాడు బయటికి వచ్చే దారిలో ఉండే చట్రాన్ని ఫెయిర్‌లీడ్ అంటారు. రోలర్ ఫెయిర్‌లీడ్‌ను తీసి, రోలర్లు లేకుండా నున్నటి కన్నం మాత్రమే ఉండే అల్యూమినియం హాజ్ ఫెయిర్‌లీడ్ పెట్టడం నా సలహా. రోలర్ల మూలల్లో సందు ఉంటుంది, పక్కకు లాగినప్పుడు తాడు అందులో ఇరుక్కుంటుంది. ఉక్కు కేబుల్‌కు వాడిన హాజ్‌ను మాత్రం తాడుకు వాడకండి.

ఈ పని మొదలుపెట్టేముందే బ్యాటరీ నెగెటివ్ వైరు తీసేయండి. డ్రమ్ములో చెయ్యి ఉండగా పిల్లలెవరైనా రిమోట్ నొక్కితే వేళ్లు దక్కవు.

కన్ను వేయడం

ఇక అసలు పని. మూడు పేర్లు గుర్తుంచుకుంటే చాలు. తాడు చివరి ముక్క "తోక". డ్రమ్ము వైపు పోయే మిగతాదంతా "అసలు తాడు". మధ్యలో థింబుల్ కూర్చునే వలయం "కన్ను".

తోక ఎంత పొడవు దూరాలన్నది మొదటి ప్రశ్న. ఈ రకం తాడుకు మందానికి 72 రెట్లు అన్నది వాడుకలో ఉన్న లెక్క. 10 మి.మీ. తాడుకు 72 సెంటీమీటర్లు. నేను 75 పెడతాను. ఇక్కడ పిసినారితనం చేసేవాళ్లు చాలామంది. "అంతెందుకండీ, ఒక అడుగు దూరితే చాలదా" అని మా మెకానిక్ కూడా అన్నాడు. చాలదు. జారుడు పీచు కాబట్టే ఇంత పొడవు అడుగుతుంది. కన్ను, తోక, ముడుచుకుపోయే భాగం కలిపి 30 మీటర్ల తాడులో దాదాపు మీటరు ఖర్చవుతుంది. అది పోయినట్టు కాదు.

తాడు కొసకు ఎలక్ట్రికల్ టేపు మూడు చుట్లు గట్టిగా చుట్టి, టేపు మధ్యలో కోయండి. మామూలు కత్తెర దీని మీద పనిచేయదు, నమిలినట్టు పీచు లేస్తుంది. కొత్త బ్లేడుతో, చెక్క మీద పెట్టి, నొక్కుతూ కోయాలి. అగ్గిపెట్టెతో కొసను కరిగించి గడ్డ కట్టించకండి. ఆ గడ్డ అల్లికలోకి దూరదు, దూరినా లోపల రాయిలా ఉండి పేటలను కొరుకుతుంది.

కొస నుంచి 75 సెంటీమీటర్ల దగ్గర మార్కర్‌తో ఒకటో గుర్తు పెట్టండి. థింబుల్ గాడి చుట్టూ దారం చుట్టి కొలవండి. 20 సెంటీమీటర్లు వచ్చిందనుకుందాం. ఒకటో గుర్తు నుంచి అంత దూరంలో రెండో గుర్తు. అంటే కొస నుంచి 95. రెండో గుర్తు నుంచి అసలు తాడు వైపు ఇంకో 90 సెంటీమీటర్లు కొలిచి మూడో గుర్తు పెట్టండి. తోక పొడవు 75 అయితే 90 ఎందుకు? లోపల తోక దూరాక పై అల్లిక లావెక్కి పొట్టిపడుతుంది. ఆ తేడా కోసం.

తర్వాత తోకను ఎలుక తోకలా సన్నం చేయాలి. ఇది తప్పించుకుంటే తోక కొస దగ్గర తాడు ఉన్నట్టుండి లావు నుంచి సన్నానికి దిగుతుంది, బలమంతా ఆ మెట్టు మీద పడి అక్కడే తెగుతుంది. పన్నెండు పేటల్లో ఆరు కుడికి తిరుగుతాయి, ఆరు ఎడమకు. కొస నుంచి 25 సెంటీమీటర్ల దగ్గర కుడి పేట ఒకటి, ఎడమ పేట ఒకటి దబ్బనంతో పైకి లేపి కోసి, కొస వైపు ముక్కను బయటికి లాగేయండి. 20 దగ్గర ఇంకో జత. 15, 10, 5 దగ్గర కూడా అంతే. చివరికి రెండే పేటలు మిగులుతాయి. తీసేసిన పేటలు పారేయకండి, కుట్టడానికి దారం అవే.

ఇప్పుడు తాళం. రెండో గుర్తు దగ్గర తాడును రెండు చేతులతో ఎదురుగా నెట్టి ఉబ్బించండి. అల్లిక తెరుచుకుంటుంది. సరిగ్గా మధ్యలోంచి, ఒక్కో వైపున ఆరేసి పేటలు ఉండేలా, తోకను దూర్చి అవతలికి లాగండి. గొట్టం లాంటి థింబుల్ అయితే దాన్ని ఈ దూర్పుకు ముందే తాడుకు ఎక్కించాలి. ఒకటో గుర్తు వచ్చి రెండో గుర్తును తాకేదాకా లాగితే కన్ను తయారైనట్టు కనిపిస్తుంది. ఇంకా కాలేదు. తోక మీద ఒకటో గుర్తు దగ్గర అలాగే ఉబ్బించి, ఆ రంధ్రంలోంచి అసలు తాడు అవతలి కొసను, అంటే డ్రమ్ము వైపు కొసను దూర్చి, ఉన్న 29 మీటర్లూ లాగేయండి. విసుగ్గా ఉంటుంది. ఇంట్లో ఎవరినైనా పిలవండి, మా ఇంట్లో మా అమ్మాయి వరండా చివరిదాకా తాడు పట్టుకుని పరిగెత్తింది. తాడు మెలిపడకుండా చూసుకుంటూ, థింబుల్‌ను కన్నులో కూర్చోబెట్టి రెండు వైపులా లాగి బిగిస్తే, తాడు తోకలోంచి, తోక తాడులోంచి ఒకదాన్నొకటి దాటుకుని కుదురుకుంటాయి. దీన్ని బ్రమెల్ తాళం అంటారు.

చాలామంది ఇక్కడే మోసపోతారు. తాళం పడగానే లాగి చూస్తే కదలదు, ఇక అయిపోయింది అనుకుంటారు. తాళం బలానికి కాదు. తాడు వదులుగా ఊగులాడుతున్నప్పుడు తోక జారి బయటికి రాకుండా ఉండటానికే అది. బరువు మోసేది లోపల దూరే 75 సెంటీమీటర్లు.

తోకను దూర్చడం చీరకింది లంగాకి బొందు ఎక్కించడమే. అమ్మ పిన్నీసు గుచ్చి, గుడ్డను కుచ్చిళ్లుగా వెనక్కి నెట్టుకుంటూ ఎక్కిస్తుంది చూడండి, అదే చేతివాటం. తోక కొసను ఫిడ్‌కు టేపుతో అంటించి, తాళానికి ఒక సెంటీమీటరు కింద అసలు తాడు పొట్టలోకి గుచ్చండి. అల్లికను ఫిడ్ మీదికి కుచ్చిళ్లుగా నెట్టుకుంటూ మూడో గుర్తు దాకా తీసుకెళ్లి బయటికి తీయండి. ఫిడ్ పేటల మధ్య నుంచే జరగాలి, పేటను చీల్చుకుని పోకూడదు. వేళ్లతో తడిమితే తెలుస్తుంది: సరిగా ఉంటే చుట్టూ ఒకేలా ఉంటుంది, చీలిస్తే ఒక పక్కన పోగులు లేచి గుచ్చుకుంటాయి. అలా అయితే వెనక్కి లాగి మళ్లీ మొదలుపెట్టండి.

మడిచిన తీగ వాడేవాళ్లు తిరగేసి చేయాలి. తీగ మడతను మూడో గుర్తు దగ్గర లోపలికి దింపి, తాళం దాకా తోసుకొచ్చి, అక్కడ తోక కొసను మడతలో ఇరికించి, తీగను వచ్చిన దారినే వెనక్కి లాగాలి.

తోక మూడో గుర్తు దగ్గర బయటికి వచ్చాక టేపు విప్పేయండి. కన్నును ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో తాళం నుంచి మూడో గుర్తు వైపు తాడును పాలు పిండినట్టు పిండుతూ లాగండి. కుచ్చిళ్లన్నీ సాగి, బయటున్న తోక బొరియలోకి ఎలుక దూరినట్టు సర్రున లోపలికి పోతుంది. నాకు ఈ పనిలో అన్నిటికన్నా ఇష్టమైన క్షణం అదే. పది పన్నెండుసార్లు పిండండి. ఎక్కడా ఉబ్బు ఉండకూడదు. తోక అయిపోయే చోట తాడు మెల్లగా సన్నబడుతున్నట్టు వేళ్లకు తెలియాలి.

ఇందాక తీసిన పేటను దబ్బనానికి ఎక్కించి, తాళం కింద నుంచి అయిదారు కుట్లు అటు నుంచి ఇటు, మళ్లీ వెనక్కి వేయండి. దారాన్ని బిగించి లాగకండి, అల్లిక నొక్కుకుపోతుంది. బ్రమెల్ వేసినప్పుడు ఈ కుట్టు లేకపోయినా నడుస్తుంది. తాడు ఇప్పటికే డ్రమ్ముకు బిగించి ఉండి, అవతలి కొస దొరకనప్పుడు మాత్రం తప్పనిసరి. అప్పుడు బ్రమెల్ వదిలేసి, తోకను రెండో గుర్తు దగ్గర తిన్నగా పొట్టలోకి దూర్చి, కుట్టుతో కాపలా పెట్టడమే దారి. దూరిన పొడవు అదే కాబట్టి బలం తగ్గదు.

మొదటిసారి నాకు రెండున్నర గంటలు పట్టింది. ఇప్పుడు నలభై నిమిషాలు.

డ్రమ్ము కొస

లగ్ బిగించేముందు తాడుకు తొడగాల్సినవన్నీ తొడగండి. రాళ్ల మీద రాపిడి తగలకుండా అటూఇటూ జరిగే గుడ్డ తొడుగు ఒకటి, డ్రమ్ము మీద మొదటి వరుసను వేడి నుంచి కాపాడే తొడుగు ఒకటి. నేను ఒకసారి లగ్ నొక్కేసి, కాఫీ తాగి వచ్చి చూస్తే తొడుగు బానెట్ మీద నవ్వుతూ కూర్చుని ఉంది. లగ్ కోసి మళ్లీ వేశాను.

లగ్ గొట్టంలో తాడు కొస బిగుతుగా పట్టే సైజు తెచ్చుకోండి. కొసకు పలుచగా టేపు చుట్టి దూర్చి, క్రింపింగ్ టూల్‌తో రెండు చోట్ల నొక్కించండి. ట్రూప్ బజార్లో లగ్ అమ్మేవాళ్లే నొక్కి ఇస్తారు. డ్రమ్ము మీద లగ్ బోల్టుకు మర ఉన్న రంధ్రం ఉంటుంది. బోల్టు పొడవు సరిచూసుకోండి, అవతలికి పొడుచుకు వస్తే తిరిగేటప్పుడు బాడీని గీరుతుంది. ఉక్కు కేబుల్‌ను నొక్కి పట్టే గ్రబ్ స్క్రూ ఉన్న డ్రమ్ము అయితే, ఆ స్క్రూను తాడు మీద బిగించకండి, పేటలు తెగుతాయి. లగ్ దొరక్కపోతే బోల్టుకు పట్టేంత చిన్న కన్ను వేసి, వెడల్పాటి వాషర్ పెట్టి బిగించవచ్చు.

ఈ బోల్టు బరువు మోయదు. చెయ్యి పెట్టి గట్టిగా లాగితే ఊడిపోయేంత చిన్న బోల్టును కంపెనీవాళ్లు ఎందుకు పెట్టారా అని అనుమానం వస్తుంది. తాడు చుట్టడం మొదలుపెట్టడానికి అది ఆసరా మాత్రమే. బరువు మోసేది డ్రమ్ము మీద మిగిలే చుట్లు. ఉక్కు కేబుల్‌కు అయిదు చుట్లు మిగిల్చితే చాలు, ఈ జారుడు తాడుకు పది మిగలాలి. మామూలు డ్రమ్ము ఒంటి మందం 64 మి.మీ. ఉంటుంది. దాని మీద 10 మి.మీ. తాడు ఒక చుట్టుకు 23 సెంటీమీటర్లు తింటుంది. పది చుట్లకు 2.3 మీటర్లు. అందుకే లగ్ నుంచి 3 మీటర్ల దగ్గర ఎర్రదారంతో తాడు చుట్టూ కుట్టు వేసి పెట్టుకున్నాను. బురదలో, టెన్షన్‌లో చుట్లు లెక్కపెట్టే తీరిక ఎవరికుంటుంది? ఎర్ర కుట్టు డ్రమ్ము మీంచి బయటికి వస్తుంటే ఆపేయాలి, అంతే.

చుట్టడం

తాడు డ్రమ్ము కింది వైపు నుంచి రావాలి. దాదాపు అన్ని వించ్‌లకూ ఇదే, అయినా వించ్ మీదున్న బాణం గుర్తు చూసుకోండి. లోపలి బ్రేకు ఒక దిశ బరువునే ఆపగలదు. తిరగేసి చుట్టితే వించ్ లాగుతుంది, బరువు పట్టి నిలపదు. వాలు మీద ఉన్నప్పుడు ఈ సంగతి తెలిస్తే ఆలస్యమే.

బ్యాటరీ వైరు మళ్లీ పెట్టి, మొదటి పది చుట్లు చేత్తో బిగించి పట్టుకుని, పక్కపక్కన సందు లేకుండా వేయండి. చేయి ఫెయిర్‌లీడ్‌కు మీటరు దూరం తగ్గకూడదు, గ్లోవ్స్ తప్పనిసరి. ఆ తర్వాత తాడు మొత్తం బయటికి పరిచి, హుక్కును ఏదైనా గట్టి చోట తగిలించి, తాడు మీద బరువు పెట్టి చుట్టాలి. వదులుగా చుట్టిన తాడు మీద రేపు బురదలో రెండు టన్నులు పడితే, పై వరుస కింది వరుసల మధ్యలోకి దిగబడి ఇరుక్కుంటుంది. విప్పడానికి ఒక పూట పడుతుంది, అది కూడా తెగకపోతే.

కనీసం 200 కిలోల బిగువు కావాలి. దానికి మంచి పద్ధతి కొంచెం వాలు రోడ్డు. పదిహేడు వందల కిలోల థార్ ఎనిమిదికి ఒకటి ఎత్తున్న వాలు మీద తన బరువుతోనే అంత బిగువు ఇస్తుంది. పైనున్న చెట్టుకు వెడల్పాటి పట్టీ చుట్టి హుక్కు తగిలించి, బండి న్యూట్రల్‌లో పెట్టి, ఒకరు బ్రేకు మీద కాలు ఉంచి స్టీరింగ్ పట్టుకుంటే, ఇంకొకరు పక్కన నిలబడి రిమోట్ నొక్కుతూ వరుసలు చూసుకోవచ్చు. ఒక వరుస పూర్తయ్యాకే రెండోది ఎక్కాలి. ఈ మొదటి లాగుడులోనే కన్ను అతుకు కూడా కుదురుకుంటుంది. అయ్యాక చూస్తే తోక దూరిన భాగం గట్టిపడి కర్రలా ఉంటుంది. ఉండాలి కూడా.

చుట్టాక నడిపే పద్ధతిలో ఒకటే మార్పు. తాడు బయటికి తీయాలంటే వించ్ క్లచ్ వదిలి చేత్తో లాగండి. చాలా వించ్‌లలో బ్రేకు డ్రమ్ము లోపలే ఉంటుంది. బరువు మీద మోటారుతో తాడు వదులుతూ పోతే ఆ బ్రేకు కాలిపోయేంత వేడెక్కుతుంది, దాన్ని ఆనుకుని ఉన్న మొదటి వరుస మెరుపెక్కి గట్టిపడుతుంది. అలా మెరిసే చోటు కనిపిస్తే ఆ ముక్క పోయినట్టే. పైపైన నూగు లేవడం మాత్రం మామూలే, దానికి కంగారు అక్కర్లేదు. బురద ట్రిప్పు తర్వాత బకెట్లో కొంచెం సబ్బు నీళ్లలో నానబెట్టి, చేత్తో పిసికి, నీడలో ఆరేయండి. ప్రెషర్ వాషర్ దగ్గరగా పెట్టి కొడితే ఇసుక ఇంకా లోపలికి పోతుంది.

దారిలో తెగితే

ఆ రోజు వికారాబాద్‌లో మాకు తెలియనిది ఇదే. తెగిన రెండు కొసలనూ శుభ్రంగా కోసి, రెంటికీ 75 సెంటీమీటర్ల దగ్గర గుర్తు పెట్టి, రెంటినీ ఎలుక తోకలా సన్నం చేయండి. మొదటి తాడు తోకను రెండో తాడు గుర్తు దగ్గర దాని పొట్టలోకి, రెండో తాడు తోకను మొదటి తాడు గుర్తు దగ్గర దాని పొట్టలోకి దూర్చండి. రెండు గుర్తులూ కలిసేదాకా లాగి, మధ్య నుంచి రెండు వైపులా పిండండి. కలిసిన చోటికి అటూఇటూ ఆరేసి కుట్లు. అతుకు మీటరున్నర పొడవు వస్తుంది, కొంచెం లావుగా ఉంటుంది, ఫెయిర్‌లీడ్‌లోంచి మాత్రం హాయిగా దూరుతుంది. మొదట వించ్‌ను ఒకటి రెండు సెకన్లు నొక్కి ఆపి, గుర్తులు విడిపోలేదని చూసుకుని, అప్పుడు లాగండి. తర్వాత ఒకసారి దారిలో తెగితే, వానలో, టార్చ్ వెలుగులో నాకు నలభై అయిదు నిమిషాలు పట్టింది. రెండు రోజుల తర్వాత ఇంటి దగ్గర ఆ అతుకు విప్పి చూశాను, తోకలు రెండూ ఒక్క సెంటీమీటరు కూడా కదల్లేదు.

ఇప్పుడు నా డ్యాష్‌బోర్డు అరలో ఒక పాత కళ్లజోడు డబ్బా ఉంటుంది. అందులో మడిచిన తీగ, టేపు, మార్కర్, రెండు బ్లేడ్లు, దబ్బనం, కోసి దాచుకున్న పేటల దారం. బావకూ ఒకటి కట్టి ఇచ్చాను. దబ్బనం మాత్రం అక్క తీసేసుకుందట, బియ్యం బస్తా కుట్టడానికి.